ఏది ఇష్టమైతే అది పెట్టండి

మా ఇళ్ళల్లో ఉయ్యాల్లో ఉన్న పిల్లని కూడా అండి అనే పిలుస్తారు. "ఏడవకండమ్మా, వస్తున్నానండి" అంటూ పాలసీసా పట్టుకుని పరిగెత్తే తల్లుల్ని చూసి బయటివాళ్ళు నవ్వుకుంటారు. కోపం వచ్చినా మీరు అనే తిట్టుకుంటాం. అందుకే మా అమ్మకీ నాకూ ఒక వేసవంతా నడిచిన యుద్ధం పక్కింటివాళ్ళకి కూడా తెలియలేదు. గొంతులు లేవలేదు, గిన్నెలు ఎగరలేదు. ఆ యుద్ధం పెరుగు గురించి. నవ్వాలనిపిస్తే నవ్వండి, నాకు మాత్రం నవ్వే ఓపిక పోయింది.

నా పేరు శ్రీదుర్గ. రాజమండ్రిలో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. పుట్టిల్లు భీమవరం అవతల, ఎటు చూసినా రొయ్యల చెరువులే ఉన్న ఊరు. ఆ ఇంట్లో మా అమ్మ సుబ్బాయమ్మ, తమ్ముడు శ్రీనివాసరాజు, వాడి భార్య మంజుష, వాళ్ళ ఒక్కగానొక్క కూతురు దేవిశ్రీ ఉంటారు. ఉండేవారు అనాలి. దేవిశ్రీకి తొమ్మిదేళ్ళు. ఆ పేరు బళ్ళో హాజరు పలకడానికే పనికొచ్చింది, ఇంట్లో అందరికీ అది అమ్మలు.

అమ్మలుకి పెరుగంటే ప్రాణం. మిగతా పిల్లలు చాక్లెట్ల కోసం అలిగితే ఇది మీగడ కోసం అలిగేది. మా అమ్మ పాలు ఎర్రగా కాచి మట్టిదాకలో తోడుపెడితే పొద్దున్నకల్లా రాయిలా తోడుకునేది. దాని మీద మీగడ అట్టులా లేచి ఉండేది. అమ్మలు లేచి మొహం కడుక్కోకుండా వంటింట్లోకి వెళ్ళి ఆ అట్టులో చూపుడువేలు గుచ్చేది. "ఎవరండీ ఆ దొంగ?" అని మా అమ్మ అడగడం, "పిల్లండీ" అని ఇది పిల్లి మీద పెట్టబోయి నిజం చెప్పేసి నాలిక్కరుచుకోవడం, రోజూ అదే భాగోతం. వేసవిలోనైతే పెరుగన్నంలో చిన్నరసం మామిడిపండు పిండి, మోచేతి దాకా కార్చుకుంటూ తినేది. ఆ పిల్ల తింటుంటే చూసినవాళ్ళకి ఆకలేసేది.

క్రితం శీతాకాలంలో అమ్మలు మేడమెట్లు ఎక్కుతూ మధ్యలో కూర్చోవడం మొదలుపెట్టింది. ఉబ్బసమని మందు వాడారు. తగ్గలేదు. పొట్ట ఉబ్బింది, పాదాలు నొక్కితే గుంటలు పడ్డాయి. అప్పుడు స్కానింగ్ తీసిన భీమవరం డాక్టరు మొహం మాడ్చుకుని రాజమండ్రి వెళ్ళమన్నాడు. రాజమండ్రిలో పిల్లల గుండె చూసే డాక్టర్ సత్యప్రసాద్ గారు రక్తం తీయించి దూరాన ఎక్కడికో జన్యుపరీక్షకి పంపించారు. ఫలితం వచ్చాక అందరినీ కూర్చోబెట్టారు. అమ్మలుని బయట నర్సు దగ్గర ఉంచి మేం నలుగురం లోపలికి వెళ్ళాం.

ఆయనకి ఓపిక ఎక్కువ. తెల్లకాగితం మీద గీతలు గీసి మరీ చెప్పారు.

"గుండె కండరంలో సన్నటి పోగులుంటాయండి. రెండు రకాలు. ఒక రకం రెండోదాన్ని పట్టుకుని లాగితే కండరం ముడుచుకుంటుంది. అస్తమానూ పట్టుకుని ఉండకుండా మధ్యలో ఒక అడ్డు ఉంటుంది. ఆ అడ్డుని కదిపే ప్రోటీన్ పేరు ట్రోపోనిన్. గుండె కొట్టుకున్నప్పుడల్లా లోపల కాల్షియం వదులవుతుంది. అది వచ్చి ట్రోపోనిన్‌కి అంటుకుంటుంది. అంటుకోగానే అడ్డు పక్కకి జరుగుతుంది, పోగులు పట్టుకుంటాయి, గుండె పిండుతుంది. వెంటనే ఆ కాల్షియం ఊడి వెళ్ళిపోవాలి. వెళితేనే పోగులు పట్టు వదులుతాయి. వదిలితేనే గుండె సాగి మళ్ళీ రక్తం నింపుకుంటుంది. మనం బతికున్నంత కాలం జరిగేది ఇదేనండి. అంటుకోవడం, వదలడం."

నా తమ్ముడు తలూపాడు. మంజుష కాగితం మీద గీతల్నే చూస్తోంది.

"పాపకి ఆ ట్రోపోనిన్ తయారవడంలోనే తేడా ఉంది. కాల్షియం వచ్చి అంటుకుంటే అంత తొందరగా వదలట్లేదు. పిండడం బాగానే పిండుతోంది. సడలడం లేదు. సడలకపోతే నిండదు. నిండనిదే ఒంటికి ఏం పంపుతుంది? రావాల్సిన రక్తమంతా వెనక్కి తన్ని ఊపిరితిత్తుల్లో, పొట్టలో, కాళ్ళలో నీరు చేరుతోంది."

అంతవరకూ చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మా అమ్మ అప్పుడు నోరు విప్పింది. "అంటే గేదెని పితికేటప్పుడు, పిండిన చెయ్యి వదిలితేనే గదండీ చన్నులోకి మళ్ళీ పాలు దిగేది. వదలకుండా పట్టుకునుంటే ఎంత పిండినా చుక్క రాదు. అలాగాండి?"

డాక్టరు గారు పెన్ను కింద పెట్టారు. "సరిగ్గా అలాగేనండి."

ఆ తర్వాత ఆయన చెప్పింది తక్కువ, మేం విన్నది ఇంకా తక్కువ. ఆ ప్రోటీన్‌ని బాగుచేసే మందు లేదు. నీరు లాగే మాత్రలు ఇస్తారు. గుండె మార్చడం ఒక్కటే దారి, దానికి చెన్నైలో పేరు నమోదు చేయించుకోవాలి, అంత చిన్న పిల్లకి సరిపోయే గుండె దొరకడం చాలా కష్టం. అన్నీ చెప్పి చివర్లో, "మేనరికమాండి?" అని అడిగారు.

మంజుష మా అమ్మకి సొంత తమ్ముడి కూతురు. ఆ పిల్ల పుట్టిన రోజునే "నా కోడలండి" అని పురిటి మంచం దగ్గరే చెప్పేసింది మా అమ్మ. మేనరికమేనని తమ్ముడు చెప్పాడు. తేడా తల్లి దగ్గర సగం, తండ్రి దగ్గర సగం దాగి ఉందనీ, సగం ఉన్నవాళ్ళకి ఏమీ కాదనీ, పిల్లకి రెండు సగాలూ కలిసి వచ్చాయనీ డాక్టరు మెల్లగా చెప్పారు. ఎవరి తప్పూ కాదని కూడా అన్నారు. ఆ చివరి మాట మా అమ్మ చెవిలో పడలేదు. ఆవిడ పెళ్ళి కుదిర్చిన చేతుల్నే చూసుకుంటూ కూర్చుంది.

కారులో వెనక్కి వెళుతున్నాం. నేనూ రెండు రోజులు ఉండివద్దామని వాళ్ళతోనే బయల్దేరాను. గోదావరి దాటాక రావులపాలెంలో ఆపించి పూతరేకులు కొన్నాను. అమ్మలు తల్లి ఒళ్ళో నిద్రపోయింది. అప్పుడు మా అమ్మ ముందుసీటు వైపు వంగి అడిగింది.

"కాల్షియం అంటే మన చెరువుల్లో కొట్టేదేనా బాబూ?"

"అదేనండి."

"పాలల్లో, పెరుగులో కూడా అదే ఉంటుందంటారు."

"ఉంటుందండి."

"ఊఁ," అని వెనక్కి జారగిలబడింది. ఆ ఊఁ దగ్గరే అంతా నిశ్చయమైపోయిందని నాకు అప్పుడు తెలియలేదు.

మా ఇంట్లో కాల్షియం అంటే పుస్తకంలో మాట కాదు. రొయ్య పెరిగేటప్పుడు పాత గుల్ల వదిలేస్తుంది. కొత్త గుల్ల గట్టిపడాలంటే నీళ్ళలో కాల్షియం ఉండాలి. తగ్గితే రొయ్య పట్టుకుంటే మెత్తగా ఉంటుంది, లూజ్ షెల్ వచ్చిందంటారు. కొనేవాడు ధర సగానికి కోస్తాడు. నా తమ్ముడు నీళ్ళు పరీక్ష చేయించి, తగ్గితే బస్తాలు చల్లిస్తాడు, ఎక్కువైతే ఆపిస్తాడు. ఒకటి రెండు రోజుల్లో తేడా కళ్ళకి కనబడుతుంది. ఆ ఇంట్లో మనిషికి కాల్షియం అంటే మన చేతిలో ఉండేది, పెంచితే పెరిగేది, ఆపితే ఆగేది. డాక్టరు మాటలన్నిటిలోనూ మా అమ్మకి చేయడానికి దొరికిన పని అదొక్కటే.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర చారు తర్వాత పెరుగు రాలేదు. నేను గిన్నె కోసం చూస్తే, "ఈ ఇంట్లో ఇంక పెరుగు లేదమ్మా," అంది అమ్మ. పాలన్నీ పొద్దున్నే పనిమనిషి ఏసమ్మ ఇంటికి వెళ్ళిపోయాయి. మట్టిదాక పెరట్లో బోర్లించి ఉంది. రాగులు, నువ్వులు, మునగాకు ఎవరో చెప్పారని అవీ బంద్. తను నలభై ఏళ్ళుగా వేసుకునే తాంబూలం కూడా మానేసింది, ఇంట్లో సున్నం ఉండకూడదని. పిల్ల తినేది ఆకు కాదుగదా అంటే, "ఈ చేత్తోనే కదమ్మా అన్నం కలిపేది," అంది. నేను రావులపాలెంలో కొన్న పూతరేకుల పెట్టె విప్పబోతే, "అందులో నెయ్యి పాలలోంచి వచ్చిందే గదా," అని తీసుకెళ్ళి అటకెక్కించింది.

సాయంత్రం అమ్మలు నా పక్కన చేరి చీరకొంగు లాగింది. "అత్తా, మీ ఇంట్లో పెరుగుందాండి?" అంది రహస్యంగా.

ఆ రోజే మొదలైంది మా యుద్ధం. నేను పాఠం చెప్పాను. ఇరవై రెండేళ్ళుగా వందలమందికి చెప్పిన పాఠం, ఒక్కరికి చెప్పలేకపోయాను.

"అమ్మా, మనం తిన్న కాల్షియం నేరుగా గుండెలోకి వెళ్ళి కూర్చోదండి. గుండె కణాల్లోపలే కాల్షియం దాచుకునే సంచులుంటాయి. కొట్టుకున్నప్పుడల్లా అందులోంచి వస్తుంది, మళ్ళీ అందులోకే పోతుంది. రక్తంలో ఎంతుండాలో ఒళ్ళే చూసుకుంటుంది. మీరు పెరుగు మాన్పిస్తే పిల్ల ఎముకల్లోంచి లాక్కుని సరిపెట్టుకుంటుంది. గుండెకి తెలియను కూడా తెలియదు. ఎముకలు మాత్రం పోతాయి."

"మీరు చదువుకున్నారమ్మా, కాదనను," అంది ఆవిడ. వత్తులు చేసుకుంటోంది. "కానీ పట్టుకున్నది వదలట్లేదని డాక్టరుగారే చెప్పేరు కదా. వదిలించడం మన చేతిలో లేదన్నారు. అలాంటప్పుడు పట్టుకోడానికి దొరికేదాన్నైనా తగ్గించాలా, వద్దా?"

తెలివితక్కువ మాటైతే కొట్టిపారేసేదాన్ని. అది తెలివైన మాట, అదే నా ఖర్మ. తెలివైనదీ, తప్పుదీ. తమ్ముణ్ణి అడిగితే, "అమ్మ చెప్పింది కరెక్టే అనిపిస్తోందక్కా. చెరువులో ఎలాగో ఒంట్లోనూ అలాగే గదండీ," అన్నాడు. ఇంజనీరింగ్ చదివినవాడు. మందులేని రోగం ఇంట్లో ఉంటే చదువులు ఎక్కడికి పోతాయో నాకు తెలియదు. డాక్టరుకి ఫోన్ చేయించబోతే ఇద్దరూ తప్పించుకున్నారు. వద్దని చెబుతాడేమోనని భయం వాళ్ళకి.

ఇక మంజుష. నోట్లో నాలుక లేని మనిషి. అత్త మాట కాదనదు, మేనత్త మాట అసలే కాదనదు, రెండూ ఒకరే అయ్యేసరికి ఆ పిల్లకి మాట్లాడే సందు ఎప్పుడూ దొరకలేదు. కానీ తల్లి. ఒకరోజు మా అమ్మ గుడికి వెళ్ళినప్పుడు ఏసమ్మ ఇంటినుంచి చిన్న గిన్నెడు పెరుగు తెప్పించి, పెరట్లో కూర్చోబెట్టి పిల్లకి అన్నం కలిపి పెట్టింది. అమ్మలు గిన్నె నాకేసిందట.

ఆ సాయంత్రమే పిల్లకి ఎగఊపిరి వచ్చింది. పెదాలు నల్లబడ్డాయి. భీమవరం ఆసుపత్రిలో నీరు లాగే ఇంజక్షన్లు చేసి ఒక రాత్రి ఉంచుకుని పంపారు. ఆ రోగంలో అలా నీరు చేరుతూనే ఉంటుంది. ఆ ముందు వారం కూడా చేరింది, తర్వాత కూడా చేరింది. పెరుగుకీ దానికీ ఏ సంబంధమూ లేదు. ఇది నేను చెబితే వినేవాళ్ళెవరు? మంజుష మా అమ్మ కాళ్ళ మీద పడి ఏడ్చింది. మా అమ్మ ఒక్క మాట అనలేదు, లేవనెత్తి కన్నీళ్ళు తుడిచింది. తిట్టి ఉంటే బాగుండేది.

అన్నిటికన్నా పెద్ద నష్టం వేరే జరిగింది. నేను ఆదివారం వెళ్ళేసరికి అమ్మలు దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. నేను రాజమండ్రి నుంచి దొంగతనంగా ఒక పెరుగు కప్పు తీసుకెళ్ళాను. ఎవరూ లేనప్పుడు బ్యాగులోంచి తీశాను. పిల్ల దాన్ని చూసి పక్కకి జరిగిపోయింది.

"వద్దండీ అత్తా. నేను పెరుగు తిన్నానండి, అందుకే మొన్న అలాగైంది. తినకుండా ఉంటే తగ్గిపోతుంది. నాన్నమ్మ చెప్పేరు."

"అలా ఏం కాదమ్మా. కొంచెం తినండి."

"తగ్గేక తింటానండి," అంది బుద్ధిమంతురాలిలాగా. కళ్ళు మాత్రం కప్పు మీదే ఉన్నాయి. నేను మూత పెట్టేసి బ్యాగులో దాచాను. రాజమండ్రి వెళ్ళే బస్సులో ఏడ్చాను. పక్కన కూర్చున్నావిడ మంచినీళ్ళిచ్చింది.

మే నెలాఖరులో మళ్ళీ పరీక్షకి రాజమండ్రి తీసుకొచ్చారు. అప్పటికి అమ్మలు నడవడం లేదు, తమ్ముడు ఎత్తుకుని తిప్పుతున్నాడు. చేతులు పుల్లల్లా అయ్యాయి, పొట్ట ఒక్కటే ముందుకొచ్చింది. ఆకలి చచ్చిపోయింది. చారన్నం రెండు ముద్దలు పెడితే చాలంటోంది. ఈసారి పెరుగు సంగతి డాక్టరు నోటితోనే చెప్పించాలని నేను కంకణం కట్టుకుని వెళ్ళాను. మా అమ్మని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాను.

డాక్టరు గారు చాలాసేపు స్కానింగ్ చూశారు. మాత్రలు కొంచెం మార్చారు. చెన్నై వాళ్ళతో తను మాట్లాడతానన్నారు. నేను అప్పుడు అడిగాను. "సార్, పాపకి పాలు పెరుగు పూర్తిగా మాన్పించేశారు మావాళ్ళు. కాల్షియం అని. ఒక్కసారి మీరే చెప్పండి."

ఆయన తెల్లబోయి మా అమ్మ వైపు చూశారు. "అయ్యో, ఆ కాల్షియానికీ తిండికీ ఏం సంబంధం లేదండీ. ఎవరు చెప్పేరు మీకు? అది లోపల ప్రోటీన్ పట్టుకోవడంలో ఉన్న తేడా గానీ కాల్షియం ఎక్కువై కాదు." అని ఆగి, స్కానింగ్ మంచం మీదే నిద్రపోయిన అమ్మలు వైపు చూశారు. గొంతు తగ్గించారు. "పాపం, పెట్టండమ్మా. ఏది ఇష్టమైతే అది పెట్టండి."

గెలిచానని నేను అనుకున్నాను. వరండాలోకి వచ్చాక మా అమ్మ గోడ పట్టుకుని నిలబడిపోయింది.

"విన్నారామ్మా?" అంది. "ఏది ఇష్టమైతే అది పెట్టమన్నారు."

"అదే కదమ్మా నేను మొదట్నుంచీ..."

"మీ నాన్నగారికీ అదే మాట అన్నారు."

మా నాన్న వీరభద్రరాజు గారు లివర్ పాడై భీమవరం ఆసుపత్రిలో ఉన్నప్పుడు పెద్ద డాక్టరు వచ్చి, "ఇంక పథ్యాలేం వద్దండి, ఏది ఇష్టమైతే అది పెట్టండి" అన్నాడు. మేం ఎంతో సంతోషించాం. నాన్న చేపల పులుసు అడిగితే మా అమ్మ గుమ్మడికాయంత గిన్నెతో వండి తీసుకెళ్ళింది. ఆ వారం దాటలేదు ఆయన. ఆ మాటకి అర్థమేంటో ఆ తర్వాతే అందరం తెలుసుకున్నాం. మా వైపు ఏ ఇంట్లో అడిగినా చెబుతారు ఆ మాటకి అర్థం.

వాళ్ళని కారు దగ్గరికి పంపించి నేను ఒక్కదాన్నే వెనక్కి వెళ్ళాను. డాక్టరు గారి బల్ల ముందు నిలబడి, "సార్, మీరు పెరుగు తినొచ్చని చెప్పారా, ఇంక లాభం లేదని చెప్పారా?" అని అడిగాను. మర్యాద మర్చిపోయాను.

ఆయన కళ్ళజోడు తీసేశారు. "రెండూ నిజమేనమ్మా," అన్నారు. ఊపిరితిత్తుల్లో ఒత్తిడి బాగా పెరిగిపోయిందనీ, ఇప్పుడు గుండె దొరికినా అది తట్టుకోలేదనీ, చెన్నైవాళ్ళు నిన్ననే తనతో చెప్పారనీ, అందరి ముందూ ఆ మాట అనలేక వాళ్ళతో మాట్లాడతానన్నాననీ అన్నారు. ఆ సంగతి తమ్ముడికి తను చెప్పనా, నేను చెబుతానా అని అడిగారు. నేనే చెబుతానన్నాను. చెప్పాను కూడా, కారు పక్కకి పిలిచి. వాడు విని, "సరేనక్కా," అన్నాడు. కాసేపటికి మళ్ళీ, "సరేనండి," అన్నాడు, ఎవరితోనో.

కాలేజీకి సెలవు పెట్టి నేనూ వెళ్ళాను. ఈసారి యుద్ధం వంటింట్లో తలుపు దగ్గరికి వేసుకుని చేశాం, ఎప్పటిలాగే మెల్లగా, మీరు మీరు అనుకుంటూ.

"డాక్టరు చెప్పారు కదమ్మా, పెరుగు వల్ల ఏమీ కాదని. ఇంకా ఎందుకు పెట్టరు?"

అమ్మ చారు గిన్నె మీద మూత సర్దింది.

"అమ్మా, మనకింక రోజులు లేవు. పిల్ల నోరు కట్టేసి పంపిస్తారా? పుట్టినప్పట్నుంచి అది అడిగింది పెరుగొక్కటే కదండీ. మీరు ఇంకా దేన్ని కాపాడుతున్నారు?"

మా అమ్మ పొయ్యి గట్టు పట్టుకుని నిలబడి ఉంది. నావైపు తిరగలేదు.

"పెరుగు పెట్టేనంటే నేను ఒప్పేసుకున్నట్టమ్మా," అంది. "అది ఆపినన్నాళ్ళూ నేనేదో చేస్తున్నాననుంటుంది. పెట్టేక ఇంక నాకు చేయడానికేముంది? ఆ పెళ్ళి చేసింది నేను. దీన్ని ఇలా పుట్టించింది నేను. ఊరికే కూర్చుని చూడమంటారా?"

మా అమ్మ మీద నాకున్న కోపమంతా ఆ వంటింట్లోనే చచ్చిపోయింది. దగ్గరికి తీసుకున్నాను. ఆవిడ ఏడవలేదు. కాసేపు నా భుజం మీద తల పెట్టుకుని ఉండి, "రేపు పాలు ఇంట్లో ఉంచమని ఏసమ్మకి చెప్పండి," అంది.

పెరట్లో బోర్లించిన దాక కడిగి తెచ్చింది. పాలు ఎర్రగా కాచింది. తోడు పక్కింటి నుంచి తెప్పించాం, మా ఇంట్లో ఎక్కడుంది? పెరుగు ఎప్పటిలాగే రాయిలా తోడుకుంది. మధ్యాహ్నం మా అమ్మ మెత్తగా వండిన అన్నాన్ని గుజ్జుగా పిసికింది, గడ్డపెరుగు వేసి కలిపింది, మీగడ మొత్తం పైన వేసింది. తమ్ముడు ఊరంతా తిరిగి ఆఖరి చిన్నరసం పండొకటి సంపాదించుకొచ్చాడు. ఆ పండు పిండుతున్నంతసేపూ మంజుష తలుపుచాటున నిలబడి చూసింది. ఇన్నాళ్ళ తర్వాత ఇంట్లో పెరుగు వాసన. పాపం అనిపిస్తుంది గానీ, ఆ కాసేపు మేమందరం ఇంచుమించు సంతోషంగానే ఉన్నాం.

అమ్మలు మూడు దిండ్లకి ఆనుకుని కూర్చుంది. పడుకోబెడితే ఊపిరాడదు. నేను మంచం మీద దాని కాళ్ళ దగ్గర కూర్చున్నాను. మా అమ్మ గిన్నె తెచ్చి ఒళ్ళో పెట్టి, "తినండమ్మా," అంది.

పిల్ల గిన్నెలోకి చూసింది. ముక్కు ఎగబీల్చింది. ఒక్క క్షణం దాని మొహం పాత అమ్మలు మొహమైపోయింది. చూపుడువేలు లేచింది కూడా. అంతలో ఆగిపోయింది. వేలు వెనక్కి తీసుకుంది.

"ఇది పెరుగండి నాన్నమ్మా."

"అవునమ్మా."

అమ్మలు నాన్నమ్మని చూసింది. తల్లిని చూసింది. మంజుష తలుపు వైపు తిరిగిపోయింది. నన్ను చూసింది. నేను నవ్వడానికి ప్రయత్నించాను, అది సరిగా రాలేదనుకుంటాను.

"నేను తినకుండానే ఉన్నాను కదండీ," అంది. "తగ్గేక పెడతానన్నారు కదా. మరి ఇప్పుడే పెట్టేస్తున్నారేంటండి? నాకింక తగ్గదాండి?"

చదువుకున్నదాన్ని, పాఠాలు చెప్పేదాన్ని, కాల్షియం గురించి అంతా తెలిసినదాన్ని, నాకు ఒక్క మాట దొరకలేదు.

మా అమ్మకి దొరికింది. రెప్ప వేయలేదు. "అయ్యో, నా మతి మండా!" అని నుదురు కొట్టుకుంది. "ఇది మీక్కాదమ్మా! అత్తయ్యకండి. ఊరునుంచి వచ్చారు కదా, పాపం పెరుగు లేకపోతే ముద్ద దిగదని కలిపేను. మాటల్లో పడి మీ ముందు పెట్టేశాను. మీ చారన్నం వంటింట్లోనే ఉండిపోయింది. మంజూ, పట్రామ్మా!"

గిన్నె పిల్ల ఒళ్ళోంచి తీసి నా చేతుల్లో పెట్టింది. "తినండి శ్రీదుర్గా," అంది. చూపుతో నన్ను బతిమాలుతోంది.

నేను తిన్నాను. మొదటి ముద్ద నీళ్ళు తాగి మింగాను. అమ్మలు నావైపే చూస్తోంది. దాని భుజాలు కిందికి దిగాయి. మొహం తేటపడింది. "అమ్మో, నేను భయపడిపోయానండి," అంది. నవ్వింది. మంజుష తెచ్చిన చారన్నం ఆ రోజు రెండు ముద్దలకి బదులు నాలుగు తింది.

నేను తింటూనే ఉన్నాను. సగంలో ఆపేద్దామంటే అది వేలు పెట్టి చూపించింది. "మీగడ వదిలేశారండీ అత్తా. అదే బావుంటుంది."

మీగడ తిన్నాను.

"తియ్యగా ఉందాండి?"

"ఉందమ్మా."

"పండు కూడా కలిపేరా?"

"కలిపారమ్మా."

"నాకు తగ్గేక ఇలాగే కలపమని చెప్పండి నాన్నమ్మకి," అంది, ఆవిడ అక్కడే నిలబడి ఉండగానే. చెబుతానన్నాను. గిన్నె ఖాళీ అయిందో లేదో వంగి చూసి, తృప్తిగా కళ్ళు మూసుకుంది.

ఆ వారంలోనే ఒక తెల్లవారుజామున అమ్మలు పోయింది. మా అమ్మ చేతిలో చెయ్యి పెట్టుకుని పోయింది. పెరుగు తినకుండా పోయింది, తగ్గుతుందనుకుంటూ పోయింది. కర్మకాండలన్నీ అయ్యాక నేను రాజమండ్రి బయల్దేరుతుంటే మా అమ్మ నన్ను గుమ్మం దాకా సాగనంపింది. ఆవిడ అడిగింది ఒక్కటే.

"ఆ రోజు బాగా కలిసిందామ్మా? ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయిందమ్మా," అన్నాను.